శనగ పులుసు, దోమకన్నా చిన్న కందిరీగ: నల్లరేగడి చేనులో ఒక కేస్ స్టడీ

కడప జిల్లాలో జమ్మలమడుగు నుంచి పెద్దముడియం వైపు పోతుంటే రెండు పక్కలా నల్లరేగడే. వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుకుంటాయి. ఈ నేలల్లో చాలామంది వానాకాలమంతా పొలాన్ని బీడుగా ఉంచి, తేమ దాచుకుని, చిత్త, స్వాతి కార్తెల్లో శనగ వేస్తారు. ఆ తర్వాత తడి పెట్టడం ఉండదు. నేలలో మిగిలిన తేమ, చలికాలపు మంచు, వీటి మీదే 95, 100 రోజుల్లో పంట చేతికొస్తుంది.

ఈ కేసులోని రైతుకు సొంతం మూడెకరాలు, కౌలుకు నాలుగెకరాలు. నేనాయన్ను అన్నా అని పిలుస్తాను, ఇక్కడా అన్న అనే రాస్తాను. ఊరి పేరు, పొలం గుర్తులు వదిలేస్తున్నాను. నేను పురుగుల శాస్త్రం చదువుకుని, పంటను పాడుచేసే పురుగులను చంపే మిత్ర పురుగులను పెంచి రైతులకిచ్చే పనిలో ఉన్నవాణ్ణి. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే: ఇందులో మొదటి పెద్ద తప్పు నాది, ఆ తప్పు చాలామంది చేస్తున్నారు.

నేపథ్యం

అన్న వేసేది జేజి 11 రకం. ఎండు తెగులును తట్టుకుంటుంది, గింజ లావు, మార్కెట్లో అడుగుతారు. కాకపోతే ఆ రకాన్ని ఎంచింది పురుగును తట్టుకుంటుందని కాదు. ఈ చేలల్లో అసలు శత్రువు శనగపచ్చ పురుగు. కంది, పత్తి, టమాటా, పొద్దుతిరుగుడు, ఏది దొరికితే అది తింటుంది. పత్తిలో దీన్ని అదుపు చేయడానికి 2002 నుంచి బీటీ రకాలు వచ్చాయి. శనగలో అలాంటిదేదీ రైతు చేతికి రాలేదు. తల్లి రెక్కల పురుగు లేత ఆకుల మీద, మొగ్గల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. చిన్నప్పుడు ఆకు గీకుతుంది, పెద్దయ్యాక కాయకు బొక్క పెట్టి తల లోపల, ఒళ్లు బయట పెట్టుకుని గింజ తింటుంది. ఒక్క పురుగు తన జీవితంలో 30, 40 కాయల దాకా పాడు చేస్తుంది. మబ్బు పట్టి చలి తగ్గిన వారంలో ఇది ఎంత వేగంగా పెరుగుతుందో ఈ ప్రాంతపు రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నా దగ్గరికి రావడానికి ముందు ఏడు అన్న నాలుగుసార్లు మందు కొట్టాడు. అంగట్లో ఏది ఇస్తే అది, రెండు మందులు కలిపి. అయినా కాయ దెబ్బతింది. కౌలు, మందుల ఖర్చు పోను చేతికి మిగిలింది దాదాపు ఏమీ లేదు. వాళ్ల బావమరిది మొక్కజొన్నలో ట్రైకో కార్డులు (మిత్ర కందిరీగలు పుట్టే గుడ్లు అంటించిన అట్టముక్కలు) కట్టి మందు ఖర్చు తగ్గించుకున్నాడని విని, తనకూ ఆ కార్డులే కావాలని వచ్చాడు.

మొదటి రబీ: ఏం చేశాం

ఆయన వచ్చేటప్పటికే ఒక ప్రయత్నం విఫలమైంది. విత్తిన 22వ రోజున లేత ఆకులు జల్లెడలా అవుతుంటే, వైరస్ మందు మంచిదని ఎవరో చెప్పగా ఎన్.పి.వి. సీసా కొని కొట్టాడు. వారం గడిచినా ఒక్క పురుగూ చావలేదు. సీసా చూపించి, ఇది పనిచేయదు సార్ అన్నాడు.

ఆ రోజు నేను సీసా సంగతి పక్కన పెట్టి కార్డుల సంగతి ఆలోచించాను. నా లెక్క సూటిగా సాగింది. శనగపచ్చ పురుగు గుడ్లు బయటికి కనిపించేలా, ఒక్కొక్కటిగా ఉంటాయి. ట్రైకోగ్రామా అనేది గుడ్డు బదనిక. అర మిల్లీమీటరు పొడవుండే కందిరీగ, పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. లోపలి పురుగు పుట్టకముందే పోతుంది. పురుగు కాయ దాకా రాకముందే, గుడ్డులోనే ఆపడం కన్నా మేలైన పని ఏముంటుంది? ఈ పురుగు గుడ్ల మీద ఈ కందిరీగ బతుకుతుందని పుస్తకాల్లో ఉంది, నేను నా ల్యాబ్‌లో కళ్లారా చూశాను. కాబట్టి ఇచ్చాను. ఎకరాకు 20,000 కందిరీగల చొప్పున, వారానికొకసారి, మూడు వారాలు. శనగ మొక్క పొట్టిది, కార్డు కట్టడానికి పెద్ద ఆకు ఉండదు. అందుకని కార్డు ముక్కలను పుల్లలకు కట్టి సాళ్ల మధ్య గుచ్చాం. చీమలు ఎక్కకుండా పుల్ల మొదట్లో గ్రీజు రాశాం. పని శ్రద్ధగానే చేశాం.

యాభయ్యో రోజున అన్న ఫోన్ చేశాడు.

"సార్, మీ కార్డులు పుల్లలకు యాలాడతాండాయి. పురుగు కాయలో తలకాయ పెట్టి తింటాండాది. ఇంగ నేనేం జెయ్యల్ల?"

పోయి చూశాను. మీటరు సాలుకు మూడు, నాలుగు పురుగులు. మీటరుకు ఒకటి, రెండు కనిపిస్తేనే చర్య తీసుకోవాలి. పిందె పట్టే సమయం. ఆ రాత్రి నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. నాలుగెకరాల కౌలు ఆయన ముందే కట్టేశాడు.

ముందు నిర్ణయం: పంటా, ప్రయోగమా

రెండు దారులు ఉన్నాయి. కార్డులు ఎందుకు పనిచేయలేదో తేల్చుకునే దాకా ఆగడం ఒకటి. వెంటనే రసాయనం కొట్టించడం రెండోది. ఆగితే నష్టం నాకు రాదు, ఆయనకు వస్తుంది. అందుకే ఎక్కువ ఆలోచించలేదు, కొట్టమన్నాను. ఏ మందు అన్నది మాత్రం ఆలోచించే చెప్పాను. అంగట్లో వాళ్లు ఇచ్చేది సింథటిక్ పైరెత్రాయిడ్ కలిసిన మిశ్రమం. ఈ పురుగు 1987లో కోస్తా జిల్లాల పత్తిలో అలాంటి మందులకు లొంగకుండా పోయి రైతులను నిలువునా ముంచింది. ఎకరాలకెకరాలు కొట్టినా చావని ఆ పురుగు సంతతే ఇప్పటికీ మన చేలల్లో తిరుగుతోంది. పైగా ఆ మందులు మిత్ర పురుగులను ముందు చంపుతాయి. కాబట్టి ఇమామెక్టిన్ బెంజోయేట్ ఒక్కటే, ఏ మందూ కలపకుండా, సాయంత్రం పూట కొట్టమన్నాను.

ఒక్క ఎకరా మాత్రం కొట్టకుండా వదలమని అడిగాను. ఆ ఎకరాలో తగ్గే దిగుబడికి డబ్బు నేనిస్తానని ముందే మాట ఇచ్చాను. అన్న ఒప్పుకోలేదు. మనమిద్దరం కలిసి చేసిన పని కాబట్టి సగం సగం అన్నాడు. చివరికి అలాగే చేశాం. ఆ ఎకరా వదలకపోతే ఈ కేసులో రాయడానికేమీ ఉండేది కాదు.

వెతుకులాట

మొదటి అనుమానం కార్డుల మీద. పాడైన కార్డులు ఇచ్చానా? భూతద్దం కింద చూస్తే కార్డు మీది గుడ్లన్నిటికీ చిన్న రంధ్రాలు. అంటే కందిరీగలు పుట్టి బయటికొచ్చాయి. కార్డులు మంచివే.

రెండో అనుమానం, బయటికొచ్చిన కందిరీగలు గుడ్లను వెతుక్కోలేకపోయాయేమో. దీన్ని తేల్చడానికి చేనంతా తిరిగి శనగ ఆకుల మీద పచ్చ పురుగు గుడ్లు 50 ఏరి గాజు గొట్టాల్లో పెట్టాను. బదనిక పట్టిన గుడ్డు నాలుగైదు రోజుల్లో నల్లబడుతుంది, ఆరోగ్యమైన గుడ్డులోంచి పురుగు పిల్ల వస్తుంది. 50లో ఒక్కటీ నల్లబడలేదు. గట్టుకు అవతల వేరే రైతు మాఘీ జొన్న కంకి మీదుంది. అక్కడ ఈ పురుగే కంకుల మీద గుడ్లు పెట్టింది. వాటిని 30 ఏరాను. 18 నల్లబడ్డాయి. ఆ జొన్నలో నేనొక్క కార్డూ కట్టలేదు.

పదడుగుల దూరంలో అదే పురుగు, అదే గుడ్డు, అదే గాలి. మారింది మొక్క ఒక్కటే. ఈ ఒక్క పోలిక చాలు విషయం అర్థం కావడానికి. కానీ ఆ సాయంత్రం దాకా నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చేసింది కలుపు తీయడానికొచ్చిన ఒక కూలీ ఆమె. గొట్టాలు ఎందుకు పట్టుకుని తిరుగుతున్నానో అడిగింది. చెప్పాను. ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్ల చివర్లు తెల్లగా చీలి ఉన్నాయి.

"ఈ పులుసుకు మా చేతులే పగుల్తాయి సార్. తెల్లార్తో మంచులో నడిస్తే చీర అంచు చివికిపోతాది. దోమ కంటే చిన్న పురుగు ఈ ఆకు మింద ఎట్ల బతుకుతాది?"

శనగ మొక్క ఒంటి నిండా సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు చివర నుంచి పుల్లని ద్రవం ఊరుతుంది. అందులో ముఖ్యంగా ఉండేవి మాలిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం. పూర్వం తెల్లవారుజామున చేను మీద గుడ్డ పరిచి, మంచుతో కలిసిన ఈ పులుసును పిండి మందుకు వాడేవారు. మా నాయనమ్మ కూడా ఆ మాట చెప్పేది. ఈ పులుసు శనగకు కవచం. చాలా పురుగులు శనగ జోలికి రాకపోవడానికి కారణం ఇదే. పచ్చ పురుగు మటుకు దీన్ని తట్టుకుని బతకడం నేర్చుకుంది. కందిరీగ నేర్చుకోలేదు. అర మిల్లీమీటరు ఒళ్లున్న జీవి ఆ జిగట నూగులో నడవలేదు, గుడ్డును చేరేలోపే చిక్కుకుంటుంది.

తర్వాత కూర్చుని చదివితే ఇదేమీ కొత్త సంగతి కాదని తెలిసింది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏనాడో గమనించారు. జొన్న మీద ఈ పురుగు గుడ్లను ట్రైకోగ్రామా బాగా పడుతుంది, శనగ మీద దాదాపు పట్టదు. చదవాల్సినది నేను ముందు చదవలేదు. పురుగు పేరు చూసి మిత్ర పురుగును ఎంచాను. పైరును చూడలేదు.

వైరస్ సీసా సంగతి

కార్డుల లెక్క తేలాక సీసా దగ్గరికి వచ్చాను. ఎన్.పి.వి. అంటే పచ్చ పురుగుకు జబ్బు చేసే వైరస్. పురుగు ఆకుతో పాటు దాన్ని తినాలి. పేగులోని క్షారానికి వైరస్ కణికలు కరిగి, వైరస్ ఒంట్లోకి పాకి, నాలుగు నుంచి ఏడు రోజుల్లో పురుగు చస్తుంది. చచ్చేముందు మొక్క చివరికెక్కి తలకిందులుగా వేలాడుతుంది, ముట్టుకుంటే ఒళ్లు నీరై కారిపోతుంది. మనుషులకు, పశువులకు, తేనెటీగలకు ఏమీ చేయదు. నేను అమితంగా నమ్మే మందుల్లో ఇదొకటి. కాబట్టి ఎందుకు ఓడిపోయిందో తేల్చుకోక తప్పదు.

అడుగుతూ పోతే మూడు కారణాలు బయటపడ్డాయి. మొదటిది, 22వ రోజున ఆకు తిన్నది అసలు శనగపచ్చ పురుగు కాదు. అన్న ఫోన్‌లో అప్పటి ఫోటో ఉంది. ఆకు మీద పిల్ల పురుగులు గుంపుగా ఉన్నాయి, ఆకు ఈనెలు మిగిలి పొర తెల్లబడింది. అది పచ్చ రబ్బరు పురుగు. తల్లి గుడ్లను కుప్పగా పెట్టి పైన నూగు కప్పుతుంది, పిల్లలు గుంపుగా గీకుతాయి. పైరు మొదటి నెలలో ఈ ప్రాంతంలో దీని బెడద మామూలే. శనగపచ్చ పురుగు వైరస్ దాన్ని తాకదు. రెండోది, కొట్టింది పగలు పదకొండు గంటలకు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు వైరస్ త్వరగా చచ్చిపోతుంది. మూడోది, సీసాలోని సరుకు. మిగిలిన మందు తెచ్చి, నానబెట్టిన శనగ గింజలకు పట్టించి ల్యాబ్ పురుగులకు పెట్టాను. పది పురుగుల్లో రెండే చచ్చాయి. తయారీలోనే బలం లేదో, రేకుల షెడ్డులో ఎండకు పాడైందో చెప్పలేను. తయారీదారు ఎవరన్నది ఇక్కడ అవసరం లేదు. గింజలతో చేసే ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చని మాత్రం చెబుతాను.

ఇక్కడితో ఆగి ఉంటే, సరైన పురుగు మీద, సాయంత్రం పూట, మంచి మందు కొడితే చాలనుకునేవాణ్ణి. కానీ పులుసు దెబ్బ చూశాక ఆ అనుమానమే మళ్లీ వచ్చింది. మా ల్యాబ్‌లో పెంచిన నికార్సైన వైరస్‌ను రెండు రకాలుగా పెట్టి చూశాను. ఒకటి నానబెట్టిన శనగ గింజ మీద. రెండోది చేలోంచి తెచ్చిన శనగ ఆకు మీద రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే పురుగులకు వేయడం. గింజ తిన్న ఇరవైలో పద్దెనిమిది చచ్చాయి. ఆకు తిన్న ఇరవైలో పదకొండే. మొక్క ఒకటే. గింజ మీద పులుసు లేదు, ఆకు మీద ఉంది.

అయితే వైరస్‌ను దెబ్బ తీసేది పులుసులోని ఆమ్లాలు కాదు, ఇంకో సంగతి ఉంది. బ్రిటన్‌లోని గ్రీనిచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన పనిలో శనగ ఆకు మీద ఉండే బయోచానిన్-ఎ, సిస్సోట్రిన్ అనే పదార్థాలు ఈ వైరస్ బలాన్ని తగ్గిస్తాయని చూపించారు. పురుగు నుంచి తనను కాపాడుకోవడానికి మొక్క తయారు చేసుకున్న రసాయనాలు, ఆ పురుగును చంపే వైరస్‌ను కూడా అడ్డుకుంటున్నాయి.

వదిలేసిన ఎకరా

కొట్టకుండా వదిలిన ఎకరాలో కాయకు దెబ్బ ఎక్కువే. ఆ నష్టం మేమిద్దరం పంచుకున్నాం. కానీ అక్కడ మొక్కల మీద వడ్లగింజంత, బూడిద రంగు గూళ్లు కనిపించాయి. ఒక్కో గూటికి పక్కనే పచ్చ పురుగు పిల్ల తోలు అతుక్కుని ఉంది. ఇది కాంపోలెటిస్ క్లోరిడే అనే కందిరీగ పని. ఇది గుడ్ల జోలికి పోదు. రెండో, మూడో దశ పిల్ల పురుగును పొడిచి ఒంట్లో గుడ్డు పెడుతుంది. పురుగు కాయ తొలిచే వయసుకు రాకముందే చస్తుంది. ట్రైకోగ్రామా కన్నా ఎన్నో రెట్లు పెద్దది, పొడుగు కాళ్లది. ఆకు మీద పాకదు, ఎగురుతూ వచ్చి పురుగును పొడిచి పోతుంది. శనగ పులుసు దీన్ని ఆపలేదు. దేశంలో శనగ చేలల్లో తనంతట తాను ఎక్కువగా కనిపించే మిత్ర కందిరీగ ఇదే.

మందు కొట్టిన ఆరెకరాల్లో రెండు గూళ్లు దొరికాయి. ఈ ఒక్క ఎకరాలో ముప్పైకి పైగా. నేను డబ్బు పెట్టి తెచ్చి వదిలిన కందిరీగ బతకలేదు. ఎవరూ తేకుండా వచ్చిన కందిరీగను నాలుగేళ్లుగా మందుతో చంపుకుంటూ వచ్చారు. ఆ గట్టు మీద కూర్చుని నేను చాలాసేపు లేవలేదు.

"మరి పురుగు తట్టుకునే శనగ లేదా సార్?"

కోత అయ్యాక అన్న అడిగిన ప్రశ్న ఇది. ఎవరైనా అడగాల్సిందే. ఉంది, కానీ పూర్తిగా తట్టుకునేది లేదు. ఇక్రిశాట్‌లో 14,000కు పైగా శనగ నమూనాలను ఈ పురుగు కోసమే జల్లెడ పట్టారు. ఐసీసీ 506 వంటి కొన్ని దొరికాయి. వాటిలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, పురుగు పిల్ల ఎదుగుదల మందగిస్తుంది. హరిచంద్ శర్మ వంటి కీటక శాస్త్రవేత్తలు అక్కడ ఏళ్ల తరబడి ఈ పని మీదే పనిచేశారు. అడవి శనగ జాతుల్లో ఇంకా గట్టి గుణం ఉంది, దాన్ని సాగు రకంలోకి తేవడమే కష్టం. బీటీ జన్యువు పెట్టిన శనగ మీదా మన దేశంలో పరిశోధన జరిగింది, సాగుకు విడుదల కాలేదు. కాబట్టి తట్టుకునే గుణం ఒక మోస్తరుగా దొరుకుతుంది తప్ప పురుగు సోకని శనగ అంటూ లేదు. అన్నకు అలాగే చెప్పాను. మన మార్కెట్‌కు, మన నేలకు సరిపోయే జేజి 11ను వదలమని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పనూ లేదు.

ఇక్కడ నేను గట్టిగా నమ్మే మాట ఒకటి ఉంది. పురుగును తట్టుకునే రకాన్ని తయారు చేసేవాళ్లు, మిత్ర పురుగులను పెంచేవాళ్లు ఒకరి పని ఒకరు చూసుకోవాలి. పులుసు పెంచిన రకం పురుగును నెమ్మదింపజేస్తుంది. నెమ్మదిగా ఎదిగే పురుగు చిన్న దశలో ఎక్కువ రోజులుంటుంది, అంటే కాంపోలెటిస్‌కు ఎక్కువ అవకాశం. కానీ మొక్క తనను కాపాడుకోవడానికి చేసుకున్న ఇతర రసాయనాలు వైరస్ బలాన్ని తగ్గించవచ్చు. ఒక రకాన్ని విడుదల చేసేముందు కాయ ఎంత దెబ్బతింది అన్నదే కాదు, దాని మీద ఏ మిత్ర పురుగు నిలబడుతుంది అన్నదీ కొలవాలి.

రెండో రబీ: ఏం మార్చాం

కార్డులు పూర్తిగా ఆపేశాం. అన్నకు మొదట నచ్చలేదు. డబ్బులిచ్చి కొనేది మానేసి, ఉచితంగా వచ్చేదాన్ని నమ్ముకోమంటున్నానని అనిపించింది ఆయనకు. గూళ్లున్న మొక్కలను పెరికి తెచ్చి చూపించాను. ఒక గూటిని గ్లాసులో మూతపెట్టి వాళ్లింట్లోనే ఉంచాను. ఆరో రోజు కందిరీగ బయటికొచ్చింది. దాన్ని వాళ్లావిడ ముందు చూసింది. ఆ తర్వాత ఒప్పించడానికి నేనేమీ చెప్పాల్సి రాలేదు.

శనగ పది సాళ్లకు ఒక సాలు ధనియాలు వేశాం. ఇది నా కొత్త ఆలోచన కాదు. ఈ నల్లరేగళ్లలో ధనియాలు పాత పంటే, అన్న తండ్రి శనగలో కలిపి చల్లేవాడట. అప్పుడు అమ్ముకోవడానికి వేశారు, మేము పూల కోసం వేశాం. ఎదిగిన కాంపోలెటిస్ కందిరీగలకు తేనె కావాలి. శనగ పువ్వు మూసుకుని ఉంటుంది, తేనె అందదు. ధనియాల పువ్వు చిన్నది, విప్పారి ఉంటుంది, కందిరీగ నోటికి అందుతుంది. శనగ పూతకొచ్చే రోజుల్లోనే ధనియాలూ పూస్తుంది. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేశాం. పక్షులు వాలుతాయి, వాలినవి పురుగులను ఏరుకుంటాయి. గాలి తాకిడి కూడా తగ్గుతుంది.

మొదటి నెలలో రబ్బరు పురుగు మళ్లీ వచ్చింది. అదేదో ఈసారి తెలుసు కాబట్టి వైరస్ కొట్టలేదు. ఆడకూలీలు కలుపు తీస్తూనే గుంపు పురుగులున్న ఆకులను తుంచి సంచిలో వేశారు. రెండు రోజుల్లో అయిపోయింది. మందు కొట్టకపోవడానికి కారణం ఖర్చు కాదు. ఆ వయసులో కొట్టే మందు నెల తర్వాత రావాల్సిన కందిరీగలకు తగులుతుంది.

మగ రెక్కల పురుగులను వాసనతో లాగే లింగాకర్షక బుట్టలు పెట్టాం. వాటిలో రెక్కల పురుగుల సంఖ్య పెరగడం మొదలైన రోజు నుంచి ఆకుల మీద గుడ్లు చూడటం మొదలెట్టాం. బుట్ట హెచ్చరిక మాత్రమే, నిర్ణయం ఆకును చూసి తీసుకోవాలి. గుడ్లు పొదిగి పిల్లలు కనిపించిన సాయంత్రమే ఎన్.పి.వి. కొట్టాం. మోతాదు హెక్టారుకు 250 ఎల్.ఇ., అంటే ఎకరాకు 100. ఒక ఎల్.ఇ. అంటే 600 కోట్ల వైరస్ కణికలు. నీళ్లలో బెల్లం, బట్టలకు వేసే నీలిమందు కలిపాం. బెల్లం పురుగును తినేలా చేస్తుంది, నీలం మర్నాటి ఎండ నుంచి కొంత కాపాడుతుంది. సూర్యుడు దిగాకే ఎందుకంటే, పురుగు చల్లపొద్దున, రాత్రి చురుగ్గా తింటుంది. ఆకు మీద వైరస్ ఎంత ఎక్కువసేపు ఉంటే ఆకు మీది రసాయనాలు దాన్ని అంత దెబ్బ తీస్తాయి. కొట్టిన గంటల్లోనే పురుగు నోట్లోకి పోవాలి. తెల్లవారి మంచులో కొట్టకూడదు. ఒక్కసారితో సగమే చస్తాయని ల్యాబ్‌లో చూశాను కాబట్టి ఏడు రోజులకు రెండోసారి కొట్టాం. రెండోదాన్ని ముందే ప్లాన్‌లో పెట్టడం ముఖ్యం. మొదటిది సగం పనిచేసిందని చూసి నిరాశతో రసాయనానికి పోయే తప్పు అక్కడే జరుగుతుంది.

మూడో రోజున అన్న ఫోన్ చేశాడు, ఏమీ చావలేదని. ఆగమన్నాను. ఆరో రోజు పొద్దున ఆయనే ఫోటో పంపాడు, కొమ్మ చివర తలకిందులుగా వేలాడుతున్న పురుగు.

పిందె ముదిరే దశలో మబ్బు పట్టింది. గట్టు వైపు మూడెకరాల్లో మీటరుకు రెండు దాటాయి, అవీ పెద్ద పురుగులు. పెద్ద పురుగు మీద వైరస్ ఆలస్యంగా పనిచేస్తుంది, ఆలోపు కాయ పోతుంది. ఆ మూడెకరాలకే క్లోరాంట్రానిలిప్రోల్ అనే రసాయన మందు ఒకసారి కొట్టించాను. మిగతా నాలుగెకరాలు ముట్టుకోలేదు. కొట్టిన మూడెకరాల్లో పైరు అప్పటికే కాంపోలెటిస్ ఎక్కువగా పనిచేసే వయసు దాటింది. పురుగులు పెద్దవైతే అది పొడవదు. అందుకే ఆ దశలో రసాయనం కొట్టడానికి వెనుకాడలేదు.

ఎకరాకు ఏడు క్వింటాళ్లకు కొంచెం పైన వచ్చింది. నా దగ్గరికి రాకముందు ఏడు నాలుగుసార్లు రసాయన మందు, ఈ రెండో రబీలో మూడెకరాలకు ఒక్కసారి. దీన్నంతా కందిరీగ ఖాతాలో వేయను. ఆ ఏడు చలి బాగా నిలిచింది, మబ్బు వారమే ఉంది. పురుగు మామూలు కన్నా తక్కువ. మబ్బులు కమ్మిన ఏడాది ఇదే పద్ధతి ఎలా నిలుస్తుందో చూశాకే గట్టిగా చెప్పగలను.

ఇలాంటి కేసు మీ దగ్గరికొస్తే

కార్డులు అడిగిన రైతును నేనిప్పుడు ముందు పైరేమిటని అడుగుతాను. మొక్కజొన్న, చెరకు, జొన్న అంటే సంతోషంగా ఇస్తాను. శనగ అంటే ఇవ్వను. అన్న బావమరిదికి ఈ ఏడూ ఇచ్చాను. వైరస్ పనిచేయలేదని ఎవరైనా వస్తే పురుగు ఫోటో అడుగుతాను, కొట్టిన గంట అడుగుతాను, మిగిలిన మందును నానిన గింజ మీద పరీక్షిస్తాను. ఈ మూడూ తేలకుండా వైరస్‌ను తప్పుపట్టను, మెచ్చుకోను. మందు కొట్టేముందు కనీసం పది చోట్ల గూళ్లున్నాయేమో చూడమని ప్రతి రైతుకూ చెబుతున్నాను. అది ఇరవై నిమిషాల పని.

ఇంకా తేలనిది ఒకటుంది. ధనియాల సాలు నుంచి కాంపోలెటిస్ ఎంత దూరం పోయి పనిచేస్తుంది? పది సాళ్లకు ఒకటి చాలా, ఆరుకు ఒకటి కావాలా? ఈ రబీలో అన్న పొలంలోనే లెక్క పెడుతున్నాం. రెండో సాలు, ఐదో సాలు, ఈ రెండిట్లో దొరికిన గూళ్లను వేరువేరుగా ఏరాలి. ఏరేది ఆ ఊరి ఆడకూలీలే, చేతులు చూపించిన ఆమె ఆ గుంపుకు పెద్ద. ఖాళీ అగ్గిపెట్టెల్లో గూళ్లు వేసి, పైన పెన్నుతో సాలు నంబరు రాసి, సాయంత్రానికి అన్న వాళ్ల అరుగు మీద వరుసగా పెడతారు. నిన్న పోయినప్పుడు పదిహేడు పెట్టెలున్నాయి. ఐదో సాలువి ఆరు.